కారులో పాటకు శ్రుతి

పిల్లలూ! వీణ వాయించే ముందు తీగలకు శ్రుతి చేస్తారు. కారులో పాట వినిపించే స్పీకర్లకు కూడా ఒక విధమైన శ్రుతి అవసరమని మీకు తెలుసా?

బరంపురం నుంచి గోపాలపూర్ సముద్రతీరానికి కారులో వెళ్తున్నారనుకోండి. నాన్నగారు కారు నడుపుతున్నారు. అమ్మమ్మ వెనుక కూర్చున్నది. పాట పెట్టారు. మృదంగం మోత తప్ప పాటలోని మాట తెలియడం లేదు. మాట కోసం ధ్వని పెంచారు. అమ్మమ్మ చెవులు మూసుకున్నది. వెనుక వస్తున్న లారీ హారను నాన్నగారికి వినిపించలేదు. ఎంత ప్రమాదం!

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకుందాం. కంపనాల వల్ల ధ్వని పుడుతుంది. సెకనుకు ఎన్ని కంపనాలో హెర్ట్జ్‌లలో చెబుతారు. మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. మృదంగం ఎడమవైపు మోత తక్కువ హెర్ట్జ్‌లది. తాళాల గలగల ఎక్కువ హెర్ట్జ్‌లది. రెండింటినీ ఒకే స్పీకరు చక్కగా పలికించలేదు. అందువల్ల మంద్రధ్వనులకు పెద్దదైన వూఫరును, తారధ్వనులకు చిన్నదైన ట్వీటరును అమరుస్తారు. దేని వంతు దానికి పంచేది క్రాసోవరు.

మామూలు ఏర్పాటులో ధ్వని సంకేతం యాంప్లిఫయరులో బలం పుంజుకున్న తరువాత చీలుతుంది. యాక్టివ్ ఏర్పాటులో ముందే చీలి, వేరువేరు యాంప్లిఫయర్ల ద్వారా ఒక్కొక్క స్పీకరుకు చేరుతుంది. కాబట్టి ప్రతి స్పీకరుకూ హద్దు, సమయం, బలం విడివిడిగా సరిచేయవచ్చు. ఈ పని కారు ఆపి ఉన్నప్పుడే, ధ్వని బాగా తగ్గించి మొదలుపెట్టాలి.

మొదటిది హద్దు. మంద్రధ్వనిని బలంగా పంపితే ట్వీటరులోని సన్నని తీగచుట్ట మాడిపోతుంది. అందుచేత తయారీదారు చెప్పిన హద్దుకు, ఉదాహరణకు 3,000 హెర్ట్జ్‌లకు, పైనున్న ధ్వనులనే దానికి పంపాలి.

రెండవది సమయం. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడి తలుపు స్పీకరు అతనికి దగ్గర, ఎడమది దూరం. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, అంటే సెకనులో వెయ్యవ వంతు కాలంలో 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఎడమ స్పీకరు 68 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే, దాని ధ్వని సెకనులో వెయ్యింట రెండు వంతులు ఆలస్యంగా చేరుతుంది. కుడి స్పీకరును అంతసేపు ఆపితే రెండు ధ్వనులూ ఒకేసారి చేరతాయి. అప్పుడు గాయకుడు ఎదుట నిలిచి పాడినట్లుంటుంది. అయితే ఈ లెక్క ఆ ఒక్క సీటుకే సరిపోతుంది. అమ్మమ్మ సీటుకు లెక్క వేరు.

మూడవది బలం. వినిపించనిదాన్ని పెంచడానికి తొందరపడరాదు. ముందు మించినదాన్ని తగ్గించాలి. బరంపురం పట్టు నేసే మగ్గం మీద పడుగు పోగులన్నీ ఒకే బిగువున ఉంటేనే బట్ట సాఫుగా వస్తుంది. ఇక్కడా అంతే. వూఫరు బలం కొంత తగ్గించగానే పాటలోని మాట తేటగా వినిపిస్తుంది. లారీ హారనూ వినిపిస్తుంది.

మన లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే సున్నితమైన రోమకణాలున్నాయి. అతి ధ్వనికి అవి ఒకసారి నశిస్తే మళ్ళీ పుట్టవు. మాడిన ట్వీటరును బజారులో కొనవచ్చు. పోయిన వినికిడిని కొనలేము. పాట తెలుగుదైనా, ఒడియాదైనా, పక్కవారి మాట కూడా వినబడేటట్లు వినడం మంచి అలవాటు.

ప్రశ్నలు
1. ట్వీటరుకు మంద్రధ్వనిని ఎందుకు పంపరాదు?
2. ఒక స్పీకరు 102 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే దగ్గరి స్పీకరును ఎంతసేపు ఆపాలి?
3. మీ వీధిలో మైకుల మోత ఎక్కువైనప్పుడు ఎవరెవరికి ఇబ్బంది కలుగుతుంది? ఐదు వాక్యాలు రాయండి.