తెలివి ఉంది, మరి ఈ మొండితనం ఏంటి?



కొందరు పిల్లలు మూడో తరగతిలోనే ఆరో తరగతి లెక్కలు చేసేస్తారు. కానీ కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుంటారు, చొక్కా లేబుల్ గుచ్చుకుంటోందని ఏడుస్తారు, తోటివాళ్లతో కలవరు. “పొగరు” అంటారు ఒకరు. “దిష్టి, తాయెత్తు కట్టించండి” అంటారు ఇంకొకరు. రెండూ తప్పే. ఆ బిడ్డకి అది నిజమైన బాధ.

చుల్లపంథకుణ్ణి తలుచుకోండి. నాలుగు నెలల్లో ఒక్క గాథ కంఠస్థం కాలేదని సొంత అన్నే విహారం వదిలి పొమ్మన్నాడు. బుద్ధుడు తెల్లటి గుడ్డముక్క ఇచ్చి, చేత్తో రుద్దుతూ ఉండమన్నాడు. అది మాసిపోవడం చూసి ఆయన అనిత్యాన్ని గ్రహించాడు, అర్హంతుడయ్యాడు. బుద్ధుడు నేర్పే దారి మార్చాడు, శిష్యుణ్ణి వదల్లేదు.

మనమూ అంతే చెయ్యాలి. లేబుల్ కత్తిరించండి. విజిల్ వస్తుందని ముందే చెప్పండి. ఏప్రిల్ 14 ఊరేగింపులో డీజేకి దూరంగా నడిపించండి. కొట్టకండి. ప్రభుత్వ పిల్లల డాక్టరుకు చూపించండి. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి. డాక్టరు నిర్ధారిస్తే, బడిలో తగిన ఏర్పాటు అడగడం మన హక్కు. బతిమాలక్కర్లేదు.

బిడ్డ చెవులు మూసుకుంటే ముందు చప్పుడు తగ్గించండి. మాటలు తర్వాత.

నమో బుద్ధాయ.