మతాల వృద్ధిక్షయాలు: రాయలసీమ శాసనాల సాక్ష్యం

ఒక మతం క్షీణించినదని చెప్పుటకు ఆధారం అనుయాయుల సంఖ్యయా, దానశాసనాల విరామమా? రాయలసీమ చరిత్రలో ఈ భేదం విస్మరింపరానిది.

కడప జిల్లా దానవులపాడులో, పెన్నాతీరాన, 10వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువు మూడవ ఇంద్రుడు శాంతినాథ తీర్థంకరుని అభిషేకానికై పీఠం చేయించినట్లు శాసనం తెలుపుతున్నది. రాష్ట్రకూట రాజ్యం 973లో అంతరించినది. పోషణ సన్నగిల్లి, ఆ జైనక్షేత్రం కాలక్రమాన ఇసుకమేటల క్రింద మరుగుపడినది.

తిరుమలకును రాజాశ్రయం మెండు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో తొలిసారి దర్శించి కానుకలు సమర్పించినాడు. అయితే రాజులతోపాటు వర్తకులు, ఆచార్యులు కూడా ఇచ్చట ధనమొసగినారు. ఆ ధనంతో దేవస్థాన గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించి, పెరిగిన పంటతో దాతల పేర నైవేద్యం జరిపేవారు. ప్రసాదంలో దాతకు భాగముండేది. ఈ ఏర్పాటు వలననే, 1565 తళ్ళికోట యుద్ధానంతరం విజయనగర వైభవం అస్తమించినను ఆరాధన నిలిచినదని భావింపవచ్చు.

కావున శాసనం నేరుగా తెలుపునది పోషణను మాత్రమే. జనగణన సైతం ప్రజలు చెప్పిన మతనామమునే లెక్కించును. శాసనం లేనిచోట భక్తులు లేరని నిర్ణయించుట తగదు. పోషణభారం ఎందరిపై, ఏ విధంగా నిలిచినదో ముందుగా పరిశీలించుట పరిశోధకుల కర్తవ్యం.