పాత పెద్దబండి: కొనేముందు చేయవలసిన పరీక్షలు

ఇది పరీక్షల్లో వచ్చే పాఠం కాదు. కాని మనం చదివి మరచిపోయిన ఉష్ణవ్యాకోచమూ, హైస్కూలు నాటి కర్ణాల లెక్కా మా ఇంటి డబ్బును కాపాడాయి కనుక రాస్తున్నాను.

మాది శంకర్‌పల్లి దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. పోయిన ఏడాది నాయిన రోడ్డు పక్క అర ఎకరం అమ్మిండు. అక్క పెళ్లి అప్పు తీరగా మిగిలినదాంతో పెద్దబండి కొందామన్నాడు. నాయనమ్మ మోటారు సైకిల్ మీద కూర్చోలేదు. మా పొలం బాటలో చిన్నకారుకు అడుగు తగులుతుంది. కొత్తదానికి డబ్బు చాలదు కాబట్టి పాతదే గతి.

అంగడిలో ఎద్దును కొనేటప్పుడు నాయిన పళ్లు చూస్తడు, గిట్టలు చూస్తడు, నాలుగడుగులు నడిపించి చూస్తడు. అటువంటి మనిషి బండి దగ్గర మాత్రం రంగు చూసి తలూపిండు!

మొదటి బండి మొయినాబాద్ వైపు చూశాం. చెట్టు నీడన నిలబెట్టి ఉంది. "చూడు పటేలా, సెల్ఫ్ కొట్టంగనే ఎట్ల అందుకున్నదో" అన్నాడు బ్రోకరు. నేను బానెట్ మీద చెయ్యి పెట్టాను. కాలింది. మేము రాకముందే ఇంజను నడిపి ఉంచారన్నమాట.

ఇందులో మోసమేమిటంటే, డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పిస్టన్ సాధారణంగా అల్యూమినియం మిశ్రమం, దాని చుట్టూ ఉండే సిలిండరు ఎక్కువగా పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుచేత అరిగిన ఇంజనులో కూడా వేడెక్కితే సందు తగ్గి బండి బుద్ధిగా నడుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు సందులోంచి గాలి జారిపోతుంది, చాలినంత వేడి పుట్టదు, ఇంజను మొరాయిస్తుంది.

మర్నాడు చెప్పకుండా పొద్దున ఆరింటికే పోయాం. నాలుగోసారికి గాని అందుకోలేదు. ముందు తెల్లపొగ వచ్చింది. చలిలో కాసేపు వస్తే తప్పుకాదు, అది కాలని డీజిలు. తర్వాత నీలంపొగ మొదలై ఆగలేదు. నీలమంటే ఇంజనాయిల్ మండుతున్నట్టు. (నల్లపొగ అయితే గాలి తక్కువై డీజిల్ ఎక్కువైనట్టు. ఒక్కోసారి ఎయిర్ ఫిల్టరు మారిస్తే పోతుంది.) ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పితే గుప్పుగుప్పున ఆవిరి తన్నింది. ఆయిల్ నల్లగా ఉందని మాత్రం భయపడకండి, డీజిల్ బండిలో అది మామూలే. మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. ఆ బండిని వదిలేయాలి.

ఇక సీటుబెల్టును చివరిదాకా లాగాను. లోపలి కొసన బురదగీత! సీటుకవర్లు కొత్తవి వేస్తారు గాని బెల్టు కొస ఎవరూ కడగరు. 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్ కాలనీల్లో కార్లు మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఈ బండి అప్పటిదో కాదో చెప్పలేను, మునిగిందన్నది మాత్రం నిజం. మునిగిన బండిలో వైర్ల జాయింట్లు లోలోపలే చిలుముపట్టి ఏడాది, రెండేళ్ల తర్వాత ఏడిపిస్తాయి.

రెండోది చేవెళ్ల దగ్గర. ఇంజను భేషుగ్గా ఉంది. నాయిన అడ్వాన్సు తీయబోయాడు. "నాయినా, జర ఆగు" అని టేపు పట్టుకొని బండి కిందికి దూరాను. సుమో (1994), తొలి సఫారీ (1998), బొలెరో (2000), స్కార్పియో (2002) వంటి బండ్లకు నిచ్చెనలాంటి ఇనుప ఛాసిస్ వేరుగా ఉండి, దానిమీద బాడీ బోల్టులతో కూర్చుంటుంది. పెద్ద దెబ్బ తగిలితే బాడీని కొత్తగా చేయవచ్చు, ఛాసిస్ వంకర అంత తేలికగా పోదు. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రి మూలలు కలిపి కొలుస్తాడు కదా, అదే లెక్క. ఎడమ ముందు బోల్టు నుంచి కుడి వెనక బోల్టుకు, మళ్లీ కుడి ముందు నుంచి ఎడమ వెనక్కు కొలిస్తే రెండూ సమానం కావాలి. ఇక్కడ రెండు సెంటీమీటర్లు తేడా వచ్చింది. చూస్తే కొత్త నల్లరంగు కింద వెల్డింగు కనబడింది. నాయిన ఏమీ అనలేదు, డబ్బు సంచి చంకన పెట్టుకున్నాడు.

మీటరు చూపే కిలోమీటర్లను నమ్మనక్కరలేదు, క్లచ్ పెడల్ రబ్బరు చూడండి. టైరు పక్కన కోడు చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. ముప్పై వేలే తిరిగిందన్న బండికి టైర్లన్నీ మారి ఉంటే కారణం అడగాలి.

కాయితాల సంగతి మావాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. ఫారం 29, 30 ఇందుకే. ఫైనాన్సు ఉన్న బండైతే ఫారం 35 కూడా కావాలి. పేరు మారకుండా ప్రమాదం జరిగితే పరిహారం రిజిస్ట్రేషనులో ఉన్నవాడి మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది చదివాక మేం మూడేళ్ల కింద అమ్మిన మోటారు సైకిల్ గుర్తొచ్చి, ఆ కొన్నాయన ఇంటికి నేను రెండుసార్లు తిరిగాను. చివరికి సంతకాలు పెట్టాడు.

డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది. వచ్చే ఆదివారం వికారాబాద్ వైపు ఇంకో బండి చూడబోతున్నాం. పొద్దున ఆరింటికే పోదామని ఈసారి నాయినే అన్నాడు. టేపు కూడా తానే సంచిలో వేసుకున్నాడు.