ఇంట్లో పసివాడు, పెరట్లో బాతులు

సార్వా కోతలు అయిపోగానే మా గోదావరి జిల్లా ఊళ్ళకి బాతుల మందలు వస్తాయి. చేలల్లో రాలిన గింజల్నీ, బోదెల్లోని నత్తల్నీ, పురుగుల్నీ ఏరుకు తింటూ వందల బాతులు ఒక్క గుంపుగా నడిచిపోతుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె పాఠం అయ్యాక నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"మాస్టారూ, బాతులవాళ్ళు పిల్లల్ని అమ్ముతున్నారండి. నాలుగు కొనమని నాన్నని అడిగాను. మా మామ్మేమో 'ఇంట్లో పసివాణ్ణి పెట్టుకుని బాతులేమిటే?' అంటోంది. నాన్న మిమ్మల్ని కనుక్కుని రమ్మన్నారండి. పెంచమంటారా?"

ఆ పసివాడు ఆమె తమ్ముడు. ఏడాదిన్నర వయసు. అప్పుడప్పుడే నడుస్తున్నాడు. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు.

'పెంచు' అనో, 'వద్దు' అనో చెప్పి పంపేయడం తేలికే. కాని ఒక ఇంటికి సరిపోయిన జవాబు మరో ఇంటికి సరిపోదు. అందుకని ఆ అమ్మాయితో, "నాలుగు రోజులు ఆగు. లాభమెంతో, ప్రమాదమెంతో ముందు చూద్దాం. నిర్ణయం మీ ఇంట్లో మీరే చేద్దురుగాని" అన్నాను. మేము చూసినవి ఇప్పుడు మీరూ చూడండి.

బాతు వల్ల లాభం

కోడిగుడ్డు సుమారు 50 నుంచి 55 గ్రాములుంటే, బాతుగుడ్డు 70 గ్రాముల దాకా తూగుతుంది. కాకీ కాంబెల్ అనే జాతి బాతుని బాగా మేపితే ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టగలదు. నాటుబాతులు అంతకంటే చాలా తక్కువ పెడతాయి. ఈ కాకీ కాంబెల్ జాతిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో శ్రీమతి అడెల్ కాంబెల్ తయారుచేసింది. ఇండియన్ రన్నర్ జాతినీ, మరి రెండు రకాల బాతుల్నీ సంకరం చేసి ఆమె దీన్ని సాధించింది. సైనికుల దుస్తుల రంగును పోలి ఉండడంతో దానికి 'కాకీ' అని పేరు పెట్టింది.

బాతులు ఎక్కువగా తెల్లవారుజామునే గుడ్లు పెట్టేస్తాయి. కనుక ఉదయం తొమ్మిది దాకా గూటిలో ఉంచితే గుడ్లు పోవు. గుడ్లు తినడానికైతే మగబాతు అక్కరలేదు. మగబాతుని గుర్తుపట్టడం సులువు. దాని తోకమీద ఒకటి రెండు ఈకలు పైకి వంకర తిరిగి ఉంటాయి. గొంతు బొంగురుగా ఉంటుంది. బిగ్గరగా అరిచేది ఆడబాతే.

తౌడు, నూకలు, నత్తలు, వంటింటి కూరగాయల తుక్కు - వీటితోనే బాతు కడుపు చాలావరకు నిండుతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. బూజుపట్టిన వేరుశనగ చెక్క పెట్టకూడదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వాటి మేతలోని వేరుశనగ చెక్కకు పట్టిన బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉందని తర్వాత తేలింది. ఆ విషానికి అన్నిటికంటే త్వరగా లొంగిపోయేవి బాతుపిల్లలే.

లాభాలు చూశాం కదా. ఇక ప్రమాదం మాట.

కంటికి కనపడని క్రిమి

"మా బాతులు ఆరోగ్యంగానే ఉంటాయి కదండీ" అంది ఆ అమ్మాయి. చిక్కంతా అక్కడే ఉంది. బాతు పేగుల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. అది ఉన్నా బాతుకి ఏ జబ్బూ కనిపించకపోవచ్చు. చలాకీగా తిరుగుతూనే రెట్టలో ఆ క్రిముల్ని వదులుతుంది. బాతు రెట్టలో ఎక్కువ భాగం నీరే. కనుక అది నేలమీద పలచగా పరుచుకుంటుంది. ఈకలకీ, కాళ్ళకీ, గుడ్డు పెంకుకీ, తాగే నీటికీ అంటుతుంది.

సాల్మొనెల్లా అనగానే సాల్మన్ చేప గుర్తుకు రావచ్చు. చేపకీ దీనికీ సంబంధమేమీ లేదు. 1885లో అమెరికాలో డేనియల్ సాల్మన్ అనే పశువైద్యుని దగ్గర పనిచేస్తూ థియోబాల్డ్ స్మిత్ ఈ తెగకు చెందిన బాక్టీరియాని వేరుచేశాడు. కష్టం స్మిత్‌దే అయినా, పేరు మాత్రం సాల్మన్‌దే నిలిచిపోయింది.

ఈ క్రిమి కడుపులోకి పోతే జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. పెద్దవాళ్ళు చాలామంది కొద్దిరోజుల్లో తేరుకుంటారు. అయిదేళ్ళలోపు పిల్లల సంగతి వేరు. వాళ్ళ వ్యాధినిరోధక శక్తి ఇంకా పూర్తిగా ఎదగలేదు. ఒళ్ళు చిన్నది కనుక విరేచనాలతో నీరు పోతే త్వరగా సోలిపోతారు. అందుకే అయిదేళ్ళలోపు పిల్లల్ని బాతుల్నీ, కోళ్ళనీ, వాటి పిల్లల్నీ ముట్టుకోనివ్వవద్దని అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం సలహా ఇస్తోంది.

పసుపు ప్రయోగం

"అయితే తమ్ముణ్ణి బాతుల దగ్గరకు పోనివ్వను. మేత వేసేది నేనే" అంది ఆ అమ్మాయి. మాట బాగానే ఉంది. అది సరిపోతుందో లేదో ప్రయోగం చేసి చూడమన్నాను. మీరూ చెయ్యవచ్చు. ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి, పాత బట్టలు వేసుకోండి.

చెంచాడు పసుపుని కొద్ది నీళ్ళతో కలిపి అరచేతులకు రాసుకోండి. అది బాతు రెట్ట అనుకోండి. తర్వాత అరగంట సేపు రోజూ చేసే పనులే చేయండి. అప్పుడు ఇంట్లో ఎక్కడెక్కడ పసుపు అంటిందో వెతకండి. కంటికి ఆనని చోట బట్టల సబ్బు నీళ్ళలో తడిపిన తెల్లగుడ్డతో తుడవండి. పసుపు ఉంటే గుడ్డ ఎర్రబడుతుంది. పసుపులోని కుర్‌కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. బట్టల సబ్బులో క్షారం ఉంటుంది. (పసిపిల్లల ఒంటిని మాత్రం బట్టల సబ్బుతో తుడవకండి. కంటితో చూస్తే చాలు.)

మర్నాడు ఆ అమ్మాయి కాగితం మీద పట్టిక రాసుకొచ్చింది. తలుపు గడియ, బిందె అంచు, లెక్కల పుస్తకం అట్ట, మామ్మ చీరకొంగు, తమ్ముడి చెక్కబండి - వరసగా చదివింది. చివరి మాట దగ్గర గొంతు తగ్గింది.

"తమ్ముడి పాలగ్లాసు మీద కూడా ఉందండి. ఆ గ్లాసు నేను ముట్టుకోలేదు మాస్టారూ. మామ్మ కొంగుతో తుడిచి పాలు పోసింది."

చూశారా! బాతు దగ్గరకు తమ్ముడు పోలేదు. తమ్ముడి దగ్గరకు బాతు రాలేదు. మధ్యలో ఒక చెయ్యి, ఒక చీరకొంగు ఉన్నాయి. దారి ఏర్పడడానికి అవి చాలు.

రెండో రోజు ప్రయోగాన్ని కొంచెం మార్చమన్నాను. పసుపు రాసుకున్న వెంటనే సబ్బుతో వేళ్ళ సందులు, గోళ్ళ కింద కూడా తోముతూ 20 సెకన్లు కడుక్కుని, అప్పుడు ఇంట్లోకి వెళ్ళమన్నాను. ఆరోజు అరచేతులకు పచ్చదనం మిగిలింది గాని, ఇంట్లో ఎక్కడా గుర్తు పడలేదు.

సబ్బు ఈ పని ఎలా చేస్తుంది? సబ్బు అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నూనెను పట్టుకుంటుంది. చేతి జిడ్డుకి అంటుకున్న మురికినీ, క్రిముల్నీ ఆ జిడ్డుతో సహా లాగి నీటిలోకి వదిలేస్తుంది. ఇందులోనే ఒక విచిత్రముంది. బాతు ఈక మీద పడిన నీటిబొట్టు తామరాకు మీది బొట్టులాగా జారిపోతుంది. ఈకల అల్లిక బిగువుగా ఉండడం, తోక మొదట ఉన్న తైలగ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఈకలకు పూసుకోవడం ఇందుకు కారణాలు. సబ్బునీళ్ళు తగిలితే ఆ నూనె పోయి ఈకలు తడిసిపోతాయి. అంటే బిడ్డను కాపాడే సబ్బే బాతుకి చేటు. చేతులు కడిగిన నీళ్ళు బాతుల తొట్టిలోకి పోకూడదు.

బాతుకి చాలినంత నీరు

బాతుకి చెరువు లేకపోయినా గడుస్తుంది. కాని తల మునిగేటంత నీరైనా ఉండాలి. కళ్ళనీ ముక్కు రంధ్రాల్నీ అది అలాగే శుభ్రం చేసుకుంటుంది. అందుకు జానెడు లోతు తొట్టి చాలు.

జానెడు లోతు మనకి ఒక లెక్కా? పసివాడికి లెక్కే. పెద్దవాళ్ళలో తల పొడవు ఒంటి పొడవులో సుమారు ఎనిమిదో వంతు. పుట్టిన బిడ్డలో నాలుగో వంతు. ఏడాదిన్నర పిల్లవాడికి కూడా తల బరువు ఎక్కువ, చేతుల్లో బలం తక్కువ. తొట్టిలోకి తొంగి చూస్తూ ముందుకు పడితే తనంతట తాను లేవలేడు. కొద్ది అంగుళాల నీటిలో కూడా ఊపిరాడక ప్రాణం పోవచ్చు. అరుపూ వినిపించదు. కనుక బాతుకి కావలసిన నీరు ఎంత తక్కువైనా, పసివాడికి అది ఎక్కువే. తొట్టి చుట్టూ దడి ఉండాలి, దడికి గడియ ఉండాలి, పనైపోగానే తొట్టిని బోర్లించాలి.

వెంటబడే పిల్లలు

బాతుపిల్ల గుడ్డులోంచి బయటపడ్డ మొదటి రోజున తన ఎదుట కదిలేదాన్నే తల్లిగా ఎంచుకుని దాని వెంట నడుస్తుంది. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్ బాతుల్లోనూ, హంసజాతి పక్షుల్లోనూ దీన్ని పరిశీలించాడు. 1973లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. పొదిగించిన పిల్లల్ని ఇంట్లోవాళ్ళే చేరదీస్తే అవి వాళ్ళ వెంటే వంటింట్లోకి, మంచం కిందకి వస్తాయి. ముచ్చటగానే ఉంటుంది, రెట్ట కూడా వాటితోనే వస్తుంది. ఒంటరి పిల్లని తేకుండా మూడు నాలుగింటిని కలిపి, మొదటినుంచీ బయటి గూటిలోనే పెంచితే అవి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి.

బర్డ్ ఫ్లూ

మన దేశంలో పెంపుడు పక్షుల్లో బర్డ్ ఫ్లూ మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లోనూ వచ్చింది. ఆ ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ళ పాప ఒకతె ఈ వైరస్ సోకి చనిపోయింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తలు వచ్చాయి. మనుషులకు ఈ జబ్బు రావడం చాలా అరుదు. అయినా బాతుల్లో కొన్ని పైకి ఏ లక్షణమూ లేకుండా ఈ వైరస్‌ను మోయగలవు. కనుక పక్షులు హఠాత్తుగా చచ్చిపోతే ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు చెయ్యాలి. మాంసం, గుడ్లు బాగా ఉడికించే తినాలి. ఉడుకుతో సాల్మొనెల్లా కూడా చస్తుంది.

వాళ్ళు ఏం నిర్ణయించారు?

ఆ అమ్మాయి ఇంట్లో దొడ్డి చిన్నది. ఉన్న ఒక్క బోరింగు దగ్గరే గిన్నెలు తోముతారు, పిల్లవాడికి స్నానం చేయిస్తారు. దడి కట్టడానికి చోటు లేదు. అమ్మ పొలం పనికి పోతుంది. పగలంతా పిల్లవాడు మామ్మ దగ్గరే. మామ్మకి చూపు తక్కువ. ఇవన్నీ కాగితం మీద పెట్టి, ఇంట్లో అందరూ కూర్చుని, తమ్ముడికి అయిదేళ్ళు వచ్చేదాకా బాతులు వద్దనుకున్నారు.

"అప్పటికి నేను కాలేజీలో ఉంటానండి" అంది ఆ అమ్మాయి, ముఖం చిన్నబుచ్చుకుని. అది నిజమే. నేనేమీ అనలేకపోయాను.

పక్క ఊళ్ళో ఆమె మేనమామ ఇంట్లో పిల్లలు పదేళ్ళు దాటినవాళ్ళు. కాలవగట్టున పెద్ద పెరడు ఉంది. అవే ప్రశ్నలు వేసుకుంటే అక్కడ జవాబు వేరుగా వచ్చింది. నాలుగు బాతుపిల్లలూ అక్కడికి చేరాయి. ఆదివారాల్లో ఈ అమ్మాయి వెళ్ళి మేత వేసి వస్తుంది. ఇంటికి రాగానే చెప్పులు గుమ్మం బయటే వదిలి, చేతులు కడుక్కున్నాకే తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది.

మీ ఇంట్లో ఈ ప్రశ్న వస్తే

1. అయిదేళ్ళలోపు పిల్లలున్నారా? ఉంటే పగలంతా వాళ్ళని కనిపెట్టుకుని ఉండేది ఎవరు?

2. బాతులుండే చోటునీ, పిల్లలు ఆడే చోటునీ విడదీసే దడి కట్టగలమా?

3. బాతుల నీళ్ళు, గిన్నెలు కడిగే నీళ్ళు వేరువేరుగా పోతాయా?

4. గూటి దగ్గరే సబ్బు, నీళ్ళు పెట్టగలమా? ప్రతిసారీ, ప్రతివాళ్ళూ కడుక్కుంటారా?

5. బాతు ఎనిమిది పదేళ్ళు బతకగలదు. మీ పరీక్షల రోజుల్లో గూడు శుభ్రం చేసేది ఎవరు?

మొదటి ప్రశ్నకి 'మా ఇంట్లో అంత చిన్నపిల్లలు లేరు' అని జవాబొస్తే పని సగం తేలికైనట్టే. ఉన్నారంటే మిగిలిన నాలుగింటిలో ఏ ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా కొంతకాలం ఆగడం మంచిది. బాతుపిల్లలు వచ్చే ఏడూ వస్తాయి.

ఈ ఆదివారం పసుపు ప్రయోగం చేసి, గుర్తులు ఎక్కడెక్కడ పడ్డాయో పట్టిక రాయండి. ఇంట్లో బాతులు లేకపోయినా ఆ పట్టిక మీకు పనికివస్తుంది.