పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదలాలి?

తప్పులు చేస్తేనే నేర్చుకుంటారని పెద్దలంటారు. అందరి విషయంలో అది నిజం కాదు. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న చాలామంది పిల్లలకు తప్పు పాఠం చెప్పదు, అలవాటైపోతుంది. ‘గ్లాసు ఇవ్వు’ అంటే బాబు గిన్నె అందిస్తాడు. ‘అది కాదురా’ అంటాం. చెంచా అందిస్తాడు. ‘అదీ కాదు’ అంటాం. చివరికి గ్లాసు మనమే తీసి చూపిస్తాం. కొన్నాళ్లు ఇలాగే సాగితే వాడికి ఒంటబట్టేది ఈ వరసే: ఏదో ఒకటి ఇవ్వాలి, అమ్మ తల అడ్డంగా ఊపుతుంది, తర్వాత గ్లాసు దానంతటదే వస్తుంది.

అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ (ఏబీఏ) ఇక్కడ దారి మారుస్తుంది. తప్పు జరిగాక దిద్దేకంటే, తప్పుకు తావు లేకుండా ముందే చేయందించమంటుంది. ఆ ఆసరా పేరు ప్రాంప్ట్. ఆ బోధన పేరు ఎర్రర్‌లెస్ టీచింగ్. చేయందించడం ఎవరైనా చేస్తారు. వేళకు వెనక్కి తీసుకోవడానికే నేర్పు కావాలి.

పావురాలతో మొదలు

అమెరికన్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ టెరేస్ 1963లో పావురాలకు ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల తేడా నేర్పాడు. ఎరుపును పొడిస్తే గింజలు, ఆకుపచ్చను పొడిస్తే ఏమీ రాదు. ఆకుపచ్చను మొదట్లో మసగ్గా, క్షణకాలమే చూపించి, మెల్లమెల్లగా వెలుగూ వ్యవధీ పెంచుతూ పోయాడు. పావురాలు దాదాపు తప్పు లేకుండా నేర్చుకున్నాయి. తప్పులు చేస్తూ నేర్చిన పావురాలేమో ఆకుపచ్చ వెలగగానే రెక్కలు కొట్టుకుంటూ చిరాకుపడ్డాయి. 1967లో సిడ్మన్, స్టొడార్డ్ ఇలాంటి పద్ధతిలోనే మేధో వైకల్యం ఉన్న పిల్లలకు వృత్తానికీ దీర్ఘవృత్తానికీ తేడా నేర్పారు.

ఇదేదో కొత్త విద్య అనుకోకండి. మన దగ్గర అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, పిల్ల వేలు పట్టి రాయిస్తారు. తర్వాత పలక మీద పంతులు రాసిన అక్షరం దిద్దిస్తారు. ఆ తర్వాత చుక్కలు కలపడం, ఆఖరుకు ఖాళీ పలక. పూర్తి ఆసరా నుంచి సొంతంగా రాయడం దాకా ఇవే మెట్లు. బడి తొందరలో మధ్య మెట్లు దాటించేస్తాం. కొందరు పిల్లలకు కావలసింది సరిగ్గా ఆ మధ్య మెట్లే.

జొన్నరొట్టెతో నేర్పండి

పాలమూరు ఇంట్లో రోజూ జరిగే పని తీసుకుందాం: పీట మీద జొన్నరొట్టె కొట్టడం. పదమూడేళ్ల అమ్మాయికి నేర్పాలి. పొయ్యికి దూరంగా కూర్చోబెట్టండి.

మొదటి మెట్టు: వెనక కూర్చుని, మీ అరచేతులు ఆమె చేతుల మీద పెట్టి ఇద్దరూ కలిసి కొట్టండి. రెండు మూడు రోజులు తడబాటు లేకుండా సాగితే మణికట్టు మాత్రమే పట్టండి. తర్వాత మోచేతి దగ్గర వేలితో తాకండి. ఆపైన తాకకుండా, మీ చేతులు పక్కనే ఉంచండి. ఆఖరున పిండి మందంగా ఉన్నచోటు వేలితో చూపితే చాలు.

ప్రతి మెట్టులోనూ సాయం చేసే ముందు కాస్త ఆగడం అలవాటు చేసుకోండి. మొదట్లో వెంటనే సాయం. తర్వాత రెండు సెకన్లు, ఆపైన నాలుగు. ఆ కాస్త ఖాళీలోనే చాలాసార్లు పిల్ల చెయ్యి తనంతట తాను కదులుతుంది.

పని పొడవుగా ఉంటే చివరి నుంచి నేర్పండి. చొక్కాకు గుండీలన్నీ మీరు పెట్టి, ఆఖరిది పిల్లాడితో పెట్టించండి. అది వచ్చాక ఆఖరి రెండూ వాడివే. ‘అయిపోయింది’ అన్న సంతోషం రోజూ వాడికే దక్కుతుంది.

ఈ నాలుగూ మరవకండి

ఒకటి: నోటి మాట పొదుపుగా వాడండి. ‘తీస్కో’, ‘ఎయ్యి’, ‘ఇంకోటి’ అని అడుగడుగునా చెబితే పిల్ల ఆ మాట కోసమే కాచుక్కూచుంటుంది. మిగతా ప్రాంప్టుల కంటే మాటను మాన్పించడం కష్టం.

రెండు: మీ కళ్లను కాచుకోండి. గ్లాసు అడిగి గ్లాసు వైపే చూస్తే, పిల్లాడు గ్లాసును గుర్తుపట్టనక్కర్లేదు, మీ చూపును పట్టుకుంటే చాలు. పని చేసే ముందు వాడు మీ ముఖంలోకి చూస్తున్నాడంటే, ఆసరా మీద ఆధారపడిపోతున్నాడని గుర్తు.

మూడు: తప్పు జరిగితే కసరకండి. అదే పని మళ్లీ ఇచ్చి, ఈసారి వెంటనే సాయం చేయండి. వరసగా తప్పులొస్తే ఒక మెట్టు కిందికి దిగండి. సొంతంగా చేసినప్పుడు మాత్రం మెప్పు, ఇష్టమైన తాయిలం రెట్టింపు ఇవ్వండి. సాయంతో చేసినా అంతే ఇస్తే, సొంతంగా చేయాలన్న ఆశ ఎందుకు పుడుతుంది?

నాలుగు: బలవంతం వద్దు. పెనుగులాడే చేతిని పట్టి చేయిస్తే నేర్పినట్టు కాదు. తొలినాళ్ల ఏబీఏలో దండనలూ ఉండేవి. వాటిని ఆటిజం ఉన్న పెద్దలే గట్టిగా తప్పుబట్టారు. చేతులు ఊపే అలవాటు మాన్పడం కన్నా, ఆకలైతే అడగడం, చొక్కా వేసుకోవడం పిల్లాడికి పనికొస్తాయి. వాటి మీద శ్రమపడండి.

ఇంట్లో అందరిదీ ఒకే మెట్టు

పాలమూరులో తల్లిదండ్రులు వలసపోతే పిల్లలు నానమ్మ దగ్గర ఉండిపోవడం మామూలే. అమ్మ మోచేతి దాకా తెచ్చిన పనిని నానమ్మ జాలిపడి తానే చేసేస్తే, లేదా బాబాయి ‘ఇంత రాదా’ అని ఒక్కసారిగా వదిలేస్తే, నెలల శ్రమ నీళ్లపాలు. ఏ పనిలో ఏ మెట్టు మీద ఉన్నారో కాగితం మీద రాసి గోడకు అంటించండి.

దారి చూపేవాళ్లున్నారు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. దాన్నిప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 నాటి చట్టంలో లేని ఆటిజం ఇందులో చేరింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు.

ఈ సూత్రం మీక్కూడా

నాన్న ఫోన్‌పేలో డబ్బు ఎలా పంపాలో అడిగితే ఫోన్ లాక్కుని మనమే పంపేస్తాం. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటిరోజే ఫైలు ఇచ్చేసి, తప్పు దొరకగానే నలుగురిలో నిలదీస్తాం. ఒకచోట సాయం వదలం, మరోచోట అసలు మొదలే పెట్టం. రెంటికీ ఫలితం ఒక్కటే: ఎదుటివాళ్లు నేర్చుకోరు.

ఈ వారం ఒక మనిషిని, ఒక్క పనిని ఎంచుకోండి. సోమవారం పూర్తిగా పక్కనుండి చేయించండి. రోజూ ఓ పిసరు తగ్గించండి. ఆదివారం ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పనికి వాళ్లకు నేనింకా ఎంత అవసరం? జవాబు సోమవారం నాటికన్నా తగ్గితే, మీరు నేర్పుతున్నట్టే.