గోడకన్నా ముందు గొయ్యి

పెరటి గోడ కట్టుకుంటామనో, కూరగాయలకు ఎత్తు మడులు కట్టుకుంటామనో వచ్చే కుర్రాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది, "ఏ ఇటుక వాడమంటారు బాబాయ్?" అని. ఇటుక సంగతి తర్వాత చూద్దాం నాయనా, నేలేమిటో, వానొస్తే నీళ్లెటు పోతాయో ముందు చెప్పమంటాను. మాది గుంటూరు వైపు నల్లరేగడి. అమ్మాయిని ఇచ్చిన ఊరు చేవెళ్ల దగ్గర, అక్కడంతా ఎర్రనేల. రెండుచోట్లా గోడలు కట్టించాక మిగిలిన పాఠాలివి.

1. స్థలాన్ని మండువేసవిలో చూడాలి.
నల్లరేగడి నిజస్వరూపం వైశాఖంలో బయటపడుతుంది. నెర్రెలు విచ్చాక ఒక కందికట్టె తీసుకుని నెర్రెలోకి దించండి. మోకాలి లోతుకు సులువుగా దిగుతుంది, ఒక్కోచోట నడుము దాకా పోతుంది. కనీసం ఆ లోతు వరకూ నేల ఏటా వానకు ఉబ్బి ఎండకు కుంగుతుందని లెక్క. ఆ మట్టిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను గుణమది. దానిమీద అడుగున్నర పునాదితో లేపిన గోడ రెండు వర్షాకాలాలకే మెట్లు మెట్లుగా పగులుతుంది. అదే చేవెళ్లలో రెండడుగులు తవ్వేసరికి గునపం ఖణేల్‌మంటుంది. అక్కడ ఇంకా లోతుకు పోవడం డబ్బు దండగ.

2. ఇసుక మంచిదే గానీ ఎక్కడ పోస్తున్నారో చూసుకోవాలి.
"రామప్ప గుడి ఇసుక మీదే నిలబడింది కదా!" అని మేస్త్రీలు గొప్పగా చెబుతారు. నిజమే. 1213 నాటి ఆ గుడికి ఇసుక నింపిన పునాది ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ మాట అందరి నోటా పడింది. ఇసుక పక్కలకు జారకుండా కట్టడి చేసి, నీళ్ల దారి చూసుకుంటే అది బరువు మోస్తుంది. మనవాళ్లు చేసేది వేరు. నల్లమట్టిలో కందకం తవ్వి ఇసుకతో నింపి వదిలేస్తారు. చుట్టూ ఉన్న బంకమన్ను నీటిని త్వరగా కిందికి దిగనివ్వదు, వాననీళ్లన్నీ ఇసుకలోకి దిగి నిలిచిపోతాయి. తొట్టెలో నానబెట్టినట్టు పునాది కింది మట్టి మెత్తబడిపోతుంది.

నల్లరేగడిలో నా ఓటు మొరానికే. గరుసు కలిసిన ఎర్రమొరం ఉబ్బదు, నీటిని ఇసుకలా నిలవేయదు. బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి గారు ఉబ్బని మట్టిపొర గురించి చేసిన పరిశోధన కూడా ఈ దారిలోదే, కాలువ పనుల్లో వాడారు. మొరాన్ని ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, కాస్త తడిపి, ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టించాలి. బండెడు మొరం ఒకేసారి కుమ్మరించి పైన నాలుగు దెబ్బలు కొడితే పైపొర గట్టిపడుతుంది, కింద గుల్లగానే ఉంటుంది. మేస్త్రీ టీ తాగడానికి వెళ్లినప్పుడు కూడా మీరు అక్కడే ఉండాల్సిన పని ఇదొక్కటే.

గోడ పొడుగ్గా, మనిషెత్తుకు మించి ఉంటే మొరంతో సరిపెట్టకండి. ఎనిమిది పదడుగులకొక స్తంభం లోతుగా దించి, వాటిమీద బీము వేసి, బీముకూ నేలకూ మధ్య మూడంగుళాల సందు వదలాలి. నేల ఉబ్బినా ఆ సందులోకే ఉబ్బుతుంది. దీనికి ఇంజనీరు సలహా తీసుకోండి.

3. రాయి నునుపు చూసి మురిసిపోవద్దు.
చీమకుర్తి గ్రానైటు ముక్కలు చవగ్గా దొరుకుతున్నాయని లారీలకు లారీలు దింపుకుంటున్నారు. రాయి బలానికి వంక పెట్టలేం. కోసిన నున్నటి ముఖానికి మాత్రం సిమెంటు పట్టదు. గరుకు ముఖాలున్న క్వారీరాయే కట్టుబడికి మేలు. రాళ్ల మధ్య సందుల్ని చిన్నరాళ్లు కొట్టి బిగించాలి, సిమెంటు పాలు పోసి కాదు.

4. ఇటుక నేలకింద వద్దు. తప్పదంటే రెండిటుకలు ఒకదానికొకటి తాటించి వినండి, ఖంగుమనాలి. రాత్రంతా బకెట్లో నానబెట్టి పొద్దున తూచండి. మూడు కిలోల ఇటుక ఆరువందల గ్రాములకు మించి నీళ్లు తాగితే వెనక్కి పంపేయండి.

5. ఎత్తు మడి గోడ మామూలు గోడ కాదు.
ఇది చాలామందికి తట్టదు. ప్రహరీ తన బరువు తాను మోస్తే చాలు. మడి గోడను లోపలి మట్టి బయటికి తోస్తూనే ఉంటుంది. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు మడిలో తడిసిన మట్టి నాలుగు టన్నుల దరిదాపుల్లో తూగుతుంది. దానికి రోజూ మీరు పోసే నీళ్లు తోడు. అందుకే ఇక్కడ బలంకన్నా నీళ్లు దిగే దారి ముఖ్యం.

అడుగు ఎత్తు మడికి పునాదే అక్కర్లేదు. పైమట్టి గీకి, నాలుగంగుళాల కంకర పరిచి దిమ్మిస కొడితే చాలు. రెండడుగులైతే అరడుగు కందకంలో నలభై ఎమ్ఎమ్ కంకర నింపి, దానిమీద వెడల్పాటి రాళ్లు పేర్చండి. సిమెంటు లేకుండా పేర్చేటప్పుడు గోడ లోపలివైపు కాస్త వాలాలి, అప్పుడు మట్టి తోపుకు ఓర్చుకుంటుంది. సిమెంటుతో కడితే మాత్రం అట్టడుగు వరసలో మూడడుగులకొక పీవీసీ గొట్టం ముక్క పెట్టించి, లోపలివైపు దాని మూతికి గుప్పెడు కంకర అడ్డం పోయించండి. లేకపోతే మట్టి వచ్చి పూడ్చేస్తుంది. మడి అడుగున కాంక్రీటు పోయిస్తామంటారు కొందరు. వేర్లు కుళ్లిపోతాయి, వద్దు.

తాండూరు, బేతంచర్ల వైపు వాళ్లకు ఇంకా సులువు. నాపబండల్ని నిలువునా పాతి మూడోవంతు భూమిలో దించితే మడి తయారు. పాతిన గుంతలో బండకు రెండువైపులా కంకర కూరి కొట్టడమే పునాది. అది సున్నపురాయి గనుక మట్టిలో పులుపు కాస్త తగ్గొచ్చు, మన కూరగాయలకు ఇబ్బందేమీ ఉండదు.

6. పాత సామాను.
కూల్చిన ఇంటి ఇటుక ముక్కలు, సున్నపు గచ్చు అడుగున దిమ్మిస కొట్టడానికి బాగానే పనికొస్తాయి. కర్రముక్కలు ఏరేయండి, చెదలకు పిలుపు అవి. పగిలిన ఆస్‌బెస్టాస్ రేకులు మడికి అంచుగా గుచ్చుతున్నారు, ఆ పీచు ఊపిరితిత్తులకు ప్రమాదం. పాత రైలు స్లీపరు దుంగలకు క్రియోసోటు పట్టించి ఉంటుంది. పూలమొక్కల సంగతేమోగానీ, ఆకుకూరల మడి పక్కన నేను ఒప్పుకోను.

7. గోడ పునాది కింద వేసే బెడ్డు కాంక్రీటు ఒకటి నాలుగు ఎనిమిది పాళ్లలో, నాలుగంగుళాల మందం. వారం రోజులు తడపాలి. పొడుగు గోడను పదిహేను ఇరవై అడుగులకొకచోట తెగ్గొట్టి సందు వదలండి. వేపకూ రావికీ దూరంగా కట్టండి, లేదా గోడ కట్టే ముందే చెట్టు సంగతి ఇంట్లోవాళ్లతో మాట్లాడి తేల్చుకోండి.