ఉమ్మనీరు అధికమైన గర్భిణి – బంధువుల బాధ్యత

పత్తి, మిరప చేతికివచ్చు దినములలో వరంగల్లు చుట్టుపట్ల రైతులు పంటను ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టునకు తరలింతురు. ఇంటి పెద్దలు ప్రొద్దు క్రుంకిన పిదప గాని తిరిగిరాకపోవచ్చును. అట్టి దినమున ఇంట నెలలు నిండుచున్న కోడలుండి, ఆమెకు ఉమ్మనీరు అధికముగా నున్నదని వైద్యులు చెప్పియున్నచో, ఆమెకు తోడెవ్వరు? ఈ ప్రశ్నకు ముందుగనే సమాధానము సిద్ధపరచుకొనుట కుటుంబము విధి. అందుకు తోడ్పడుట పంచాయతీ సభ్యుల విధియని మా మనవి.

గర్భములో శిశువు చుట్టునుండు నీరే ఉమ్మనీరు. అది శిశువును దెబ్బలనుండి కాపాడును, కదలుటకు చోటిచ్చును. స్కానింగులో గర్భాశయపు నాలుగు భాగములందలి నీటి లోతులను కూడగా 25 సెంటీమీటర్లు గాని, అంతకు మించి గాని యున్నచో అధికమని యెంచెదరు. నూరుమంది గర్భిణులలో సుమారు ఒకరిద్దరికి ఇది కలుగును. తల్లికి మధుమేహముండుట, కవలలుండుట, శిశువు ఉమ్మనీటిని మ్రింగలేకపోవుట కొన్ని కారణములు. పెక్కుమందిలో కారణము తెలియరాదు. నీరు స్వల్పముగా పెరిగినవారిలో చాలమందికి కాన్పు సుఖముగనే జరుగును.

కావున బంధువులు ఆమెను బెదరింపరాదు, నిందింపరాదు. కడుపు పెద్దదైనది గనుక కవలలేయని మురిసి ఊరకుండుటయు తగదు. నీరు త్రాగుట తగ్గించుట దీనికి చికిత్స కాదు. వేసవిలో అది తల్లికి హాని చేయును. బరువులు మోయనీయరాదు. వెల్లకిల పరుండిన ఆయాసము హెచ్చును గనుక దిండ్ల ఆనికతో ప్రక్కకు పరుండనీయవలెను. చక్కెర పరీక్షకు, స్కానింగునకు వైద్యులు చెప్పిన దినముననే ఒకరు వెంట వెళ్లి, వారి మాటలు విని గుర్తుంచుకొనవలెను.

ఉమ్మనీరు ఒక్కసారిగా పోయినచో బొడ్డుతాడు శిశువుకంటె ముందు జారవచ్చును. మాయ విడివడి రక్తస్రావము కావచ్చును. నెలలు నిండకమునుపే నొప్పులు రావచ్చును. కాన్పు పిదప గర్భాశయము ముడుచుకొనక రక్తము అధికముగా పోవచ్చును. అందుచే ఇంటికాన్పు కూడదు. నీరు పోయినను, రక్తము కనబడినను, శిశువు కదలిక తగ్గినను, తెల్లవారువరకు వేచియుండక 108కి ఫోను చేయవలెను. బొడ్డుతాడు బయట కనబడినచో దానిని లోనికి నెట్టరాదు. తల్లిని ఎడమప్రక్కకు పరుండబెట్టి, తుంటి క్రింద దిండ్లుంచి ఎత్తుచేయవలెను.

వరంగల్లులో చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి గలదు. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ననుసరించి ప్రభుత్వాసుపత్రులలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, రక్తము, రవాణా ఉచితము.

సభ్యులారా! మీ వార్డులో ఇట్టి గర్భిణి యున్నచో ఆశా కార్యకర్తతో కలసి ఆ యింటికి వెళ్లుడు. వెంట వెళ్లు స్త్రీ యెవరు, రాత్రివేళ దొరకు బండి యెవరిది, రక్తమిచ్చువారు ఎవరెవరు, చేర్పవలసిన ఆసుపత్రి యేది – ఈ నాలుగు వ్రాయించి గోడకు అంటింపించుడు. ఇంటివారు మార్కెట్టుకు పోయిన దినమున ఆ కాగితమే తల్లీబిడ్డలకు అండ కాగలదు.